అంకెల వెనుక మనిషి

ఓరుగల్లు నగరానికి 1959వ సంవత్సరం రెండు విద్యాలయాలను ప్రసాదించింది. ఆ యేడు అక్టోబరు 10వ తేదీన ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలకు శంకుస్థాపన చేశారు. ఆ యేటనే కాకతీయ వైద్య కళాశాల కూడ వెలసింది. ఒకటి యంత్రాన్ని గురించి, మరొకటి మానవ శరీరాన్ని గురించి బోధించటానికి పుట్టినవి. మొదటిది 2002లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థగా పేరు మార్చుకొన్నది. రెండవది మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రిని తన పాఠశాలగా చేసుకొని తరతరాల వైద్యులను తయారు చేసింది. కవలల వంటి ఈ రెండు విద్యాలయాల నడుమ దూరం కొద్ది కిలోమీటర్లు మాత్రమే. ఒకచోట గణితం ఉన్నది, మరొకచోట రోగి ఉన్నాడు. ఈ రెండూ చేతులు కలిపితే తప్ప అడుగు ముందుకు పడని ఒక కొత్త శాస్త్రం నేడు ప్రపంచమంతటా తల యెత్తుతున్నది. దానిని ఆరోగ్య దత్తాంశ శాస్త్రం అనవచ్చును.

ఇంతకూ ఈ శాస్త్రం ఏమిటి? బడిలో సాంఖ్యక శాస్త్రం అధ్యాయం చదివిన ప్రతి విద్యార్థికీ దత్తాంశం అన్న మాట పరిచితమే. కొన్ని కొలతలు తీసుకొని, పట్టికలో వేసి, సగటు, మధ్యగతం, బాహుళకం కట్టటం అక్కడి పని. ఆసుపత్రులలోను, ఆరోగ్య కేంద్రాలలోను, ఇళ్ల ముంగిళ్లలోను నిత్యం పోగవుతున్న దత్తాంశం దానికి లక్షల రెట్లు పెద్దది. ఆసుపత్రి చీటీ మీద వైద్యుడు వ్రాసిన రెండు ముక్కలు, రక్తపరీక్ష ఫలితం, ఎక్స్‌రే చిత్రం, ఏ.ఎన్.ఎం. రిజిస్టరులోని గర్భిణి బరువు, 2005లో మొదలైన 108 అంబులెన్సుకు వచ్చిన పిలుపు, 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ కింద జరిగిన శస్త్రచికిత్స, ఇవన్నీ దత్తాంశమే. 2021లో దేశమంతటికీ విస్తరించిన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద పౌరునికి 14 అంకెల ఆరోగ్య సంఖ్య కూడ లభిస్తున్నది. ఈ మహారాశిని శోధించి, ఏ రోగం ఎవరికి రాబోతున్నదో, ఏ మందు ఎవరికి పనిచేస్తుందో పసిగట్టటం, ఆ విద్యను కంప్యూటరుకు నేర్పటం ఈ శాస్త్రం పని.

వైద్యుని మనం డాక్టరు అంటాం. ఏళ్ల తరబడి పరిశోధన చేసి పిహెచ్.డి. పట్టం పొందినవానిని కూడ డాక్టరు అంటాం. ఈ రెండవ డాక్టరు రోగి నాడి పట్టుకొని ఎరుగడు. అయినా అతడు కట్టిన లెక్క మీద ఆధారపడి లక్షలమందికి చికిత్స అందటమో, అందకపోవటమో జరిగే రోజులు వచ్చాయి. ఇట్టివానికి శిక్షణ ఎట్లా ఉండాలి? ఆ శిక్షణ మానవ కేంద్రితంగా ఉండాలని విజ్ఞులు అంటున్నారు. మాట బాగున్నది, కాని దానికి అర్థం ఏమిటి? రోగుల మీద జాలి పడాలనా? జాలి మంచిదే గాని అది శాస్త్రం కాదు. అంకె ఏ మనిషి నుండి, ఏ పరిస్థితిలో, ఎవరి అనుమతితో పుట్టిందో తెలుసుకోనిదే దానిని తాకకూడదన్న నియమమే దాని అసలు అర్థం. ఇది నీతి మాత్రమే కాదు, నిర్దుష్టమైన శాస్త్రానికి కూడ ఇదే మొదటి మెట్టు.

ఒక చిన్న ఉదాహరణ చూద్దాం. వయస్సు కంటె సులభమైన ప్రశ్న లేదని మనం అనుకుంటాం. వరంగల్లు ప్రాంతపు పల్లెలో ఒక ముసలమ్మను ఆ ప్రశ్న అడిగితే, “రజాకార్ల లొల్లి అయినప్పుడు నేను బర్లు కాస్తుంటి బిడ్డా” అని జవాబు రావచ్చును. అడిగినవాడు చరిత్ర తెలిసినవాడైతే 1948 నాటికి ఆమెకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్లని లెక్క కడతాడు. తెలియనివాడు, తొందరలో ఉన్నవాడు, ఎనభై అని వ్రాసుకొని పోతాడు. మన దేశపు జనాభా లెక్కలలో సున్నతోను, అయిదుతోను ముగిసే వయస్సుల వద్ద జనం గుట్టలుగా పోగుపడి కనిపించటానికి కారణం ఇదే. ఆయా సంవత్సరాలలో ఎక్కువమంది పుట్టినారని కాదు, వయస్సును ఉజ్జాయింపుగా చెప్పటం లోకరీతి అని. గుండెజబ్బు ముప్పును అంచనా కట్టే సూత్రాలలో వయస్సుకు పెద్దపీట ఉన్నది. వయస్సు అయిదేళ్లు తేడా వస్తే అంచనా కూడ తలక్రిందులవుతుంది. అందుకే అనుభవజ్ఞులైన సర్వేకారులు కరవులు, వరదలు, ఉద్యమాలు వరుసగా వ్రాసిన స్థానిక సంఘటనల పట్టిక ఒకటి వెంట ఉంచుకొంటారు. ముసలమ్మ జవాబులో దత్తాంశం లేదని యంత్రం అంటుంది. ఆమె పుట్టిన కాలం, బడికి పోక పశువులు కాసిన బాల్యం, రెండూ ఆ ఒక్క వాక్యంలోనే ఉన్నవని మనిషి గ్రహిస్తాడు.

తెలుగు నేలకు, తెలుగువారికి ఈ పాఠం కొత్త కాదు. 1897 ఆగస్టులో సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమి ఎదుగుదలను కనుగొన్నాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. పిమ్మట ఆయన మలేరియా వ్యాప్తిని గణిత సమీకరణాలలో బంధించటానికి పూనుకొన్నాడు. అంటువ్యాధుల గణితానికి ఆద్యులలో ఒకడుగా ఆయనను నేడు స్మరిస్తున్నారు. అయితే ఆ సమీకరణాలన్నిటికీ వెనుక ఒక మనిషి ఉన్నాడు. హుసేన్ ఖాన్ అనే రోగి తన ఒంటిని దోమలకు అప్పగించి, కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున పుచ్చుకొన్నాడు. అతని పేరు చరిత్రలో మిగలటం విశేషమే. కాని ఆ అణాలకు బదులుగా తాను దేనికి ఒప్పుకొన్నాడో అతనికి ఎవరైనా వివరించి చెప్పారా? ఆ కాలంలో ఈ ప్రశ్న అడిగే అలవాటు లేదు. ఈ కాలంలో అడగక తప్పదు.

డాక్టరేటు శిక్షణ అంటే ఎట్లా ఉండాలో తెలుసుకోగోరేవారికి మన కల్యంపూడి రాధాకృష్ణరావుగారి జీవితం చక్కని పాఠం. 1920 సెప్టెంబరు 10న హడగలిలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, 1941లో కలకత్తాలోని భారత గణాంక సంస్థలో చేరిన ఆయన, పాతికేళ్ల వయస్సుకే సాంఖ్యక శాస్త్రంలో చిరస్థాయిగా నిలిచే సిద్ధాంతాలను ప్రతిపాదించారు. అట్టి మేధావిని 1946లో కేంబ్రిడ్జికి పిలిపించినది ఏ సిద్ధాంత చర్చ కోసమో కాదు, ఎముకలు కొలవటం కోసం! సూడాన్ దేశంలోని జెబెల్ మోయా అనేచోట త్రవ్వి తీసిన ప్రాచీన మానవుల అస్థిపంజరాలు అక్కడి మ్యూజియంలో ఉన్నాయి. వాటిని కొలిచి, ఆ జనం ఎవరికి దగ్గరి బంధువులో తేల్చటం ఆయనకు అప్పగించిన పని. ఆ పని చేస్తూనే ఆయన ఆర్. ఎ. ఫిషర్ మహాశయుని వద్ద శిష్యరికం చేశారు. ఫిషర్ ఆయనను జన్యుశాస్త్ర ప్రయోగశాలలో ఎలుకల సంతతిని పరిశీలించే పనిలో కూడ నియోగించాడు. 1948లో ఆయనకు పిహెచ్.డి. లభించింది. జీవుల వర్గీకరణలో ఎదురయ్యే గణాంక సమస్యలే ఆయన సిద్ధాంత వ్యాసానికి విషయం. అంతటి గణితవేత్తకు కూడ శిక్షణలో ఒక భాగం చేతులతో కొలవటం, కళ్లతో చూడటం, అసంపూర్ణమైన వస్తువుతో ఓర్పుగా కుస్తీ పట్టటం. 2023లో అంతర్జాతీయ గణాంక బహుమతి అందుకొని, ఆ ఆగస్టులోనే నూట రెండేళ్ల వయస్సులో ఆయన కన్నుమూశారు.

ఆ జెబెల్ మోయా త్రవ్వకాలు జరిపించినవాడు హెన్రీ వెల్కమ్ అనే మందుల వ్యాపారి. ఆయన వీలునామా ప్రకారం 1936లో ఏర్పడిన ధర్మనిధి తోడ్పాటుతోనే 2020లో బ్రిటన్‌లో ఆరోగ్య దత్తాంశ శాస్త్రానికి ప్రత్యేకంగా నాలుగేళ్ల డాక్టరేటు శిక్షణ మొదలయింది. చిత్రమైన సంబంధమే! రావుగారు కొలిచినవి చనిపోయినవారి ఎముకలు. నేటి విద్యార్థులు కొలుస్తున్నది బ్రతికి ఉన్నవారి రక్తం, ఊపిరి, కన్నీరు. చనిపోయినవారు తిరిగి ప్రశ్నించరు. బ్రతికి ఉన్నవారు ప్రశ్నిస్తారు, ప్రశ్నించాలి.

అడగవలసిన ప్రశ్నను రోగి వద్దనే అడిగితే ఫలితం ఎట్లా ఉంటుందో హైదరాబాదులోని పోషకాహార పరిశోధకులు నిరూపించారు. పెల్లాగ్రా అనే వ్యాధి మొక్కజొన్న తినేవారికి వస్తుందని పాశ్చాత్య గ్రంథాలు చెప్పేవి. ఆ పరిశోధనాలయం 1958లో కూనూరు నుండి హైదరాబాదుకు తరలివచ్చింది. ఇక్కడి రోగులు తినేది మొక్కజొన్న కాదు, జొన్న. 1960లో డాక్టర్ గోపాలన్, డాక్టర్ శ్రీకాంతియాలు జొన్నలో అధికంగా ఉన్న లూసిన్ అనే పదార్థానికి, ఈ వ్యాధికి సంబంధం ఉన్నదని ప్రతిపాదించారు. ఆ ప్రతిపాదన మీద తర్వాత ఎన్నో వాదోపవాదాలు జరిగాయి, అది శాస్త్రానికి సహజమే. గమనించవలసిన సంగతి మరొకటి. పుస్తకాన్ని నమ్మి, రోగి కంచంలోకి చూడకపోయి ఉంటే ఆ ప్రశ్నే పుట్టేది కాదు.

కంచంలోకి చూడటమే కాదు, అనుమతి అడగటం కూడ ముఖ్యమని మన పొరుగున ఖమ్మం జిల్లాలో జరిగిన ఉదంతం చెబుతున్నది. 2009లో గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారించే టీకాను పదినుంచి పద్నాలుగేళ్ల బాలికలకు ఇచ్చి పరిశీలించే కార్యక్రమం భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలలో సాగింది. వారిలో ఎంతోమంది గిరిజన వసతిగృహాలలో చదువుకొనేవారు. విమర్శలు చెలరేగి 2010 ఏప్రిల్‌లో అది నిలిచిపోయింది. బాలికలలో సంభవించిన మరణాలకు టీకాతో సంబంధం లేకపోవచ్చునని విచారణ సంఘం భావించింది. ఆ టీకా మేలైనదేనని నేడు అనేక దేశాల అనుభవం చాటుతున్నది. లోపం టీకాలో కాదు, అనుమతిలో ఉన్నది. పార్లమెంటు స్థాయీ సంఘం 2013 ఆగస్టు నాటి నివేదికలో పేర్కొన్న లెక్క ఇది: ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 అనుమతి పత్రాలలో 1,948 పత్రాల మీద వేలిముద్రలు ఉన్నవి, 2,763 పత్రాల మీద తలిదండ్రులకు బదులు వసతిగృహాల అధికారులు సంతకాలు చేశారు. ఉపాధ్యాయ లోకం ఈ సంఖ్యను మరువకూడదు. పిల్లలను కన్నబిడ్డలవలె చూసే పెద్దదిక్కు కావటం వేరు, కన్నవారికి బదులు సంతకం చేయటం వేరు. ఆ పత్రాల నుండి పుట్టిన అంకెలు ఎంత శుద్ధమైనవైనా, వాటి పుట్టుకలోనే మచ్చ ఉన్నది.

ఇక అంకె సక్రమంగా పుట్టినా, దానిని తప్పు ప్రశ్నకు జవాబుగా వాడితే ఏమవుతుందో అమెరికాలో బయటపడింది. ఏ రోగులకు అదనపు సంరక్షణ అవసరమో ఎంచటానికి అక్కడి ఆసుపత్రులు ఒక కంప్యూటరు పద్ధతిని వాడేవి. రోగ తీవ్రతను కొలవటం కష్టం గనుక, రోగి మీద అయ్యే ఖర్చును అది కొలమానంగా తీసుకొన్నది. ఎక్కువ ఖర్చయినవాడు ఎక్కువ జబ్బుమనిషి అని దాని తర్కం. పైకి సబబుగానే ఉన్నది. కాని నల్లజాతివారికి వైద్యం అందుబాటు తక్కువ కావటం వల్ల, అంతే జబ్బు ఉన్నా వారిమీద ఖర్చు తక్కువ. అందుచేత యంత్రం వారిని ఆరోగ్యవంతులుగా లెక్క కట్టింది. ఆ పక్షపాతాన్ని సరిదిద్దితే అదనపు సహాయానికి ఎంపికయ్యే రోగులలో నల్లజాతివారి వంతు నూటికి 17.7 నుండి 46.5కు పెరుగుతుందని 2019లో పరిశోధకులు తేల్చారు. ఇక్కడ లెక్కలో తప్పు లేదు. ఖర్చు వెనుక ఉన్న మనిషిని చూడకపోవటమే తప్పు. ఈ తర్కం మన వద్దకు వస్తే ఏమవుతుంది? బస్సు లేక, కూలి పోగొట్టుకోలేక ఆసుపత్రికి రాని ఏటూరునాగారం అడవి పల్లె తల్లి, యంత్రం దృష్టిలో సంపూర్ణ ఆరోగ్యవంతురాలు!

లెక్కా సరియైనదే, ప్రశ్నా సరియైనదే అనుకొందాం. అప్పుడైనా పని నెరవేరుతుందా? మధుమేహం వల్ల కంటి తెరకు వచ్చే వ్యాధిని ఫోటో చూసి పోల్చే యంత్రాన్ని థాయిలాండులోని పదకొండు ఆరోగ్య కేంద్రాలలో వాడిచూశారు. ప్రయోగశాలలో అది నిపుణులకు దీటుగా నిలిచిన యంత్రం. కేంద్రాలలోనో, ఫోటో తీయటానికి చీకటి గది ఉండదు, ఇంటర్నెట్ నత్తనడక నడుస్తుంది. పరీక్షకు పంపిన 1,838 ఫోటోలలో నూటికి 21 పనికిరావని యంత్రం త్రోసిపుచ్చింది. అట్లా తేలనివారు దూరాన ఉన్న కంటివైద్యుని వద్దకు పోవలసి వచ్చేది. 2020లో వెలువడిన ఈ సంగతులను బయటపెట్టినది గణిత సూత్రం కాదు. కేంద్రాలలో కూర్చొని, నర్సులు పనిచేసే తీరు గమనించి, వారితో మాట్లాడిన పరిశోధకులు.

ఇన్ని ఉదాహరణలూ ఒకే తీర్పు చెబుతున్నవి. అంకె పుట్టేటప్పుడు, అనుమతి పుచ్చుకొనేటప్పుడు, ప్రశ్న ఎన్నుకొనేటప్పుడు, ఫలితాన్ని వాడేటప్పుడు, నాలుగు మజిలీలలోను మనిషి ఉన్నాడు. డాక్టరేటు విద్యార్థిని ఈ నాలుగు మజిలీల గుండా నడిపించనిదే శిక్షణ పూర్తి కాదు.

మరి మన నియమాలు ఏమంటున్నవి? విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022లో చేసిన నిబంధనల ప్రకారం పిహెచ్.డి.కి కనీసం మూడేళ్లు, సాధారణంగా గరిష్ఠం ఆరేళ్లు. కనీసం 12 క్రెడిట్ల పాఠాలు చదవాలి, అందులో పరిశోధన నీతిని గురించిన పాఠం తప్పనిసరి. మానవుల మీద జరిపే పరిశోధనలకు భారత వైద్య పరిశోధన మండలి 2017లో నీతి సూత్రాలను ప్రకటించింది. కృత్రిమ మేధ విషయంలో 2023లో మరికొన్ని చేర్చింది. పౌరుని సొంత వివరాల రక్షణకు 2023లో పార్లమెంటు చట్టం కూడ చేసింది. కాగితం మీద కంచె బలంగానే ఉన్నది. అయితే తరగతి గదిలో నీతి పాఠం చదివి పరీక్ష వ్రాయటం ఈత పుస్తకం చదవటం వంటిది. చెరువులో దిగితేనే గాని ఈత రాదు.

ఓరుగల్లులో ఆ చెరువు ఎదురుగానే ఉన్నది. గణితం నేర్చిన విద్యార్థి మొదటి సంవత్సరంలో కొన్ని నెలలు ఆసుపత్రి ఔట్‌పేషెంటు విభాగంలో కూర్చొని, చీటీ ఎట్లా వ్రాయబడుతున్నదో, క్యూలో ఎవరు నిలిచినారో, ఎవరు విసిగి వెళ్లిపోయినారో చూడాలి. వైద్యం చదివిన విద్యార్థి అదే కాలంలో సంభావ్యతా సూత్రాలు, కంప్యూటరు భాష నేర్వాలి. ఇద్దరికీ చెరి ఒక గురువు ఉండాలి, ఒకరు వైద్య కళాశాల నుండి, మరొకరు సాంకేతిక విద్యాసంస్థ నుండి. ఆశా కార్యకర్త వెంట ములుగు, భూపాలపల్లి పల్లెలు తిరిగి, కోయ మాట్లాడే ఇంట తెలుగులో అడిగిన ప్రశ్న ఎట్లా అర్థమవుతున్నదో స్వయంగా వినాలి. చివరకు, సిద్ధాంత వ్యాసం సమర్పించే ముందు, తన ఫలితాన్ని అంకెలిచ్చిన ఊరివారికి తేట తెలుగులో చెప్పి, వారు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పాలి. పరీక్షాధికారుల ముందు చేసే మౌఖిక సమర్థనకు ఇది తీసిపోయే పరీక్ష కాదు.

ఈ చివరి మాటకు ఓరుగల్లులో ప్రత్యేకమైన బలం ఉన్నది. తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన పిమ్మట ఇక్కడ వెలసిన ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయానికి ఒక కవి పేరు పెట్టారు. ప్రజల పలుకుబడే భాష అని జీవితమంతా పోరాడిన కాళోజీ నారాయణరావుగారి పేరు అది. ఆయన పుట్టిన సెప్టెంబరు 9వ తేదీని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాము. వైద్యవిద్య గుమ్మం మీద ప్రజాకవి పేరు వ్రాసుకొన్న రాష్ట్రంలో, రోగికి అర్థంకాని భాషలో అనుమతి పత్రం ఉండటం కంటె విడ్డూరం ఉంటుందా?

ఇదంతా కాలయాపన అనేవారు లేకపోలేదు. యంత్రాలు రోజురోజుకూ పదునెక్కుతుంటే, పరిశోధకుడు పల్లెలు తిరుగుతూ కూర్చుంటే ఎట్లా అని వారి ఆక్షేపణ. ఆ మాటలో కొంత నిజం ఉన్నది. విద్యార్థికి వచ్చే భృతికి గడువు ఉన్నది. అతని యోగ్యతను ప్రచురించిన వ్యాసాల సంఖ్యను బట్టి ఎంచుతారు, ముసలమ్మ అరుగు మీద గడిపిన మధ్యాహ్నాలను బట్టి కాదు. అందుచేత భారమంతా విద్యార్థి మంచితనం మీద వేయటం న్యాయం కాదు. ఆ మధ్యాహ్నాలకు కూడ క్రెడిట్లు, భృతి, గుర్తింపు ఇవ్వవలసిన బాధ్యత విద్యాసంస్థలది. తప్పు పునాది మీద వేగంగా కట్టిన మేడను పడగొట్టి మళ్లీ కట్టటానికి పట్టే కాలంతో పోలిస్తే ఇది ఎక్కువ కాలం కాదు.

ఉపాధ్యాయులకు, విద్యార్థులకు ఒక మనవి. ఈ శిక్షణ నిజానికి విశ్వవిద్యాలయంలో మొదలు కానక్కరలేదు. సాంఖ్యక శాస్త్రం అధ్యాయంలో నలభైమంది బరువుల పట్టిక ఇచ్చి సగటు కట్టమన్నప్పుడు, సగటు చెప్పిన పిల్లవానిని మెచ్చుకోవటంతోపాటు మూడు ప్రశ్నలు అడిగి చూడండి. ఈ బరువులు ఎవరు తూచారు? తూచమని ఆ నలభైమందీ ఒప్పుకొన్నారా? ఆ రోజు బడికి రానివారు ఎవరు, ఎందుకు రాలేదు? ఈ మూడవ ప్రశ్నకు జవాబు వెదుకుతూ ఏ పిల్లవాడైనా, పిల్ల అయినా తరగతి గది దాటి ఒక ఇంటి తలుపు తట్టితే, ఆరోగ్య దత్తాంశ శాస్త్రంలో రేపటి డాక్టరుకు అక్షరాభ్యాసం జరిగినట్లే.